నడుముకు కట్టిన రొట్టె

మొన్న శుక్రవారం మస్కట్‌లోని అల్ ఖువైర్‌లో మా అమ్మాయి ఇంట్లో అందరం కూర్చుని ఒక ఆర్మేనియన్ కుటుంబం కథను సినిమాగా చూశాం. సొంత ఊళ్ళ నుంచి తరిమేస్తే ఎడారిలో పడి నడుస్తున్న ఒక తల్లి, తన పసిపిల్ల నడుముకు గుడ్డలో రొట్టె ముక్క కట్టి, దారిన పోయే ఒంటెలవాళ్ళకు అప్పగించే ఘట్టం రాగానే నేను లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాను. ఆ కథ నాకు డెబ్బైలలోనే తెలుసు.

అప్పట్లో మస్కట్ ఆసుపత్రిలో మా మేట్రన్ లెబనాన్‌లోని బీరూట్ నుంచి వచ్చిన ఆర్మేనియన్ ఆవిడ. గోదావరి జిల్లా నుంచి నర్సింగ్ పనికి వెళ్ళిన నన్నూ, మా పెద్దనాన్నగారి అబ్బాయినీ అరబ్బీలో "నా బంగారం" అన్నట్టు "హబీబీ" అని నోరారా పిలిచి, సెలవు రోజుల్లో తన క్వార్టర్స్‌లో భోజనం పెట్టేది. ఒక మధ్యాహ్నం ద్రాక్షాకుల్లో అన్నం చుడుతూ, తన తల్లిని కన్నతల్లే అలా ఇచ్చేసిందనీ, వెనక్కి చూడవద్దని తోసేసిందనీ, ఆ పిల్ల బతికి పెద్దదై కూడా తల్లిని క్షమించలేకపోయిందనీ చెప్పింది. ఎవరితోనూ అనవద్దని మా ఇద్దరి చేతులూ పట్టుకుని మాట తీసుకుంది.

ఆ ఏడు మెస్ హాల్లో క్రిస్మస్ నాటకం ఎప్పటిలాగే ఆ అన్నయ్యే రాశాడు. డ్యూటీల వల్ల నేను రిహార్సల్స్‌కు వెళ్ళలేదు. మేట్రన్‌ను ముందు వరుసలో నా పక్కనే కూర్చోబెట్టుకున్నాను. హేరోదు రాజు సైనికులు పసిపిల్లలను చంపడానికి వెతుకుతుంటే ఒక తల్లి బిడ్డ నడుముకు రొట్టె కట్టి ఒంటెల వర్తకుడికి ఇచ్చేసింది. తల్లి వేషగాడు మీసంతోనే చీర కట్టాడు, పైగా సవరం జారింది. హాలంతా ఒకటే నవ్వు. ఆవిడకు తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ ఆ రొట్టె మూట చాలింది. లేచి, అన్నయ్య కోసం చూడకుండా నావైపే ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

తెర వెనక నిలదీస్తే అన్నయ్య మొహం మీది పౌడరు తుడుచుకుంటూ, "ఆవిడకి తెలుగొచ్చేంట్రా? బైబిల్లో కలిపేశాక ఎవడు కనిపెడతాడు! ఇంతకీ సీను పండిందా లేదా, అది చెప్పు" అన్నాడు.

మర్నాడు నాకేమీ తెలియదని చెప్పుకోవడానికి ఆవిడ గదికి వెళితే, తలెత్తకుండా "ఏం కావాలి, మిస్టర్?" అంది. ఆవిడ దేశం విడిచి వెళ్ళేదాకా నేను మిస్టర్‌గానే మిగిలాను. ఏ రోజూ డైరీ మాననివాణ్ణి, ఆనాటి పేజీలో వార్డు డ్యూటీ తప్ప మరేమీ రాయలేకపోయాను. ఇద్దరం కలిసి తన తల్లిని నవ్వులపాలు చేశామని ఆవిడ నమ్మకం. కాదని చెప్పగలిగినవాడు అన్నయ్య ఒక్కడే. ఆ సీను బాగా పండిందని చెప్పుకుంటూనే అతను పోయాడు.

ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం ఇప్పుడిక్కడ ప్రతి సూపర్ మార్కెట్‌లోనూ డబ్బాల్లో దొరుకుతుంది. టాక్సీవాడి దగ్గర్నుంచి అందరూ నన్ను హబీబీ అనే పిలుస్తున్నారు.