కమాను కింద నిలబడ్డ బాపమ్మ

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతిలో పని ఉంటే పక్కన పెట్టండి, ఇది పప్పు ఏరుకుంటూ వినే ముచ్చట కాదు. చెబుతూ చెబుతూ నా గొంతు పెరిగితే మీ మీద కోపమని అనుకోకండి. కోపం కొందరి మీద ఉంది. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు, కోపం మాత్రం ఉంది.

నా చిన్నప్పుడు మా ఇల్లు హుస్సేనీ ఆలంలో ఒక ఇరుకు గల్లీలో ఉండేది. మా తాతయ్య గుడిలో అర్చకుడు. మా బాపుకు దఫ్తరులో గుమాస్తా పని. దేవుడి నైవేద్యం రోజూ మా ఇంట్లోనే వండి గుడికి పంపేవాళ్ళు. వండేది మా బాపమ్మ, అంటే బాపును కన్న తల్లి. తెల్లవారకముందే బావి దగ్గర స్నానం చేసి, తడిబట్ట పిండి కట్టుకుని పొయ్యి ముట్టించిందంటే, నైవేద్యం గిన్నె గుడికి వెళ్ళేదాకా ఆమెను ఎవరూ ముట్టుకోకూడదు. నేను మరిచిపోయి ఎదురు వెళితే “దూరం, దూరం” అని కట్టెపుల్లతో నేల మీద గీత గీసేది. పొద్దుటి పూట మా బాపమ్మ నాకు కనబడేది గాని అందేది కాదు.

నన్ను మూసీ అవతల ఆడపిల్లల బడికి పంపేవాళ్ళు. బడివాళ్ళకు ఒక మోటారు ఉండేది, ఇప్పుడు మీరు బస్సు అంటారు. పెద్ద క్లాసుల ఆడపిల్లలు బయటికి కనబడకుండా దానికి నాలుగు దిక్కులా పర్దాలు కట్టేవాళ్ళు. మా గల్లీలోకి మోటారు పట్టదు గనక, దానితో వచ్చే ఆయా రోడ్డు మీద దిగి ఇంటిదాకా నడిచి వచ్చేది. తలుపు గొలుసు ఆడించి “సవారీ ఆగయీ”, అంటే బండి వచ్చిందని, కేక వేసి, ఇంట్లోవాళ్ళ చేతిలోంచి నా చేయి తన చేతిలోకి తీసుకునేది. మధ్యాహ్నం మళ్ళీ అట్లాగే తెచ్చి అప్పజెప్పేది. చేతిలోంచి చేతిలోకే గాని, నడుమ పిల్ల ఒంటరిగా నేల మీద నిలబడే క్షణం ఉండేది కాదు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో గాని, పిల్లల్ని కన్నవాళ్ళే పెట్టి ఉంటారు.

దాన్ని తీసేసింది మాత్రం మొగవాళ్ళు. ఆయా ఇల్లిల్లూ తిరుగుతుంటే మొదటి గంట దాటిపోతోందనీ, ఇకమీదట పిల్లలే వచ్చి రోడ్డు పక్కన నిలబడాలనీ బడివాళ్ళు కబురు పెట్టారు. మా గల్లీ మొదట్లో ఒక పాత రాతి కమాను ఉండేది. దాని కింద నిలబడమన్నారు. మా అరుగు మీద కూర్చుని మా తాతయ్య, బాపు, ఇరుగుపొరుగు పెద్దమనుషులు మాట్లాడుకున్నారు. కమానుకు ఒక పక్క చాయ్ హోటలు, ఇంకో పక్క కిరాయి సైకిళ్ళ దుకాణం, పొద్దుట్నుంచి మనుషులు తిరిగే చోటు. “పది మంది కండ్లు ఉన్న జాగ. పిల్లకేమైతది?” అన్నారు. అంతటితో అయిపోయింది. ఆరేళ్ళ పిల్ల విషయం తేలడానికి ఒక్క చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు.

అలా కొన్నాళ్ళు నేను పలక సంచీ మెడకు వేసుకుని కమాను కింద నిలబడ్డాను. ఒకరోజు పొద్దున పర్దాలు కట్టిన మోటారు వచ్చి ఆగింది. పర్దా కొంచెం పైకి లేచింది, గాజుల చేయి ఒకటి బయటికి వచ్చింది. “జల్దీ చఢో బేటా” అని పైకి లాగింది. నేను ఎక్కాను. ఎందుకు ఎక్కావు అంటారా? మోటారు వచ్చింది, దానికి పర్దాలు ఉన్నాయి, లోపల ఆడవాళ్ళు ఉన్నారు, రమ్మన్నారు. నాకు తెలిసిన గుర్తులన్నీ సరిపోయాయి.

అది బడి మోటారు కాదు. చాంద్రాయణగుట్ట దాకా పెళ్ళికూతురికి మెహందీ పెట్టడానికి పోయే ఆడవాళ్ళ మోటారు. పక్క గల్లీ నుంచి రావలసిన ఒక చుట్టం కోసం అక్కడ ఆగింది. ఆ చుట్టం, ఆమె వెంట నలుగురు పిల్లలు కూడా ఎక్కారు. ముందు నుంచి ఉన్నవాళ్ళు నేను ఆమె పిల్లననుకున్నారు. ఆమె నన్ను ముందు నుంచి ఉన్నవాళ్ళ పిల్ల అనుకుంది. ఢోలక్ మీద పాటలు, అత్తరు వాసన. బడిలో ఏదో పండగ కాబోలు అనుకున్నాను నేను. ఆయా ఏదని అడగాలనిపించింది గాని సిగ్గేసింది. పెళ్ళివారింట్లో పిల్లలందరి చేతులతో పాటు నా చేతులకూ మెహందీ పెట్టారు. అందరి పిల్ల అనుకుంటే ఎట్లా ఉంటుందో నాకు ఆ పొద్దు తెలిసింది. ఎవరి పిల్లవని అడిగేవాళ్ళే ఉండరు.

భోజనాల దగ్గర ఒక ముసలి బేగం నా నుదుటి బొట్టు చూసి, మెడలోని పలక సంచీ చూసి, “నువ్వు ఎవరి పిల్లవు?” అని అడిగింది. మా క్లాసు ఎక్కడ అని నేను ఆమెనే అడిగాను. ఆమె చేతిలోని పళ్ళెం కింద పెట్టేసింది.

ఇటు మా ఇంట్లో మధ్యాహ్నం దాకా ఎవరికీ తెలియదు. అసలు మోటారు వచ్చినప్పుడు నేను కనబడకపోతే, ఇవాళ బడి మానిందని అనుకుని వెళ్ళిపోయారు. వచ్చే వేళకు రాలేదని బాపమ్మ గడప దాటి కమాను దాకా చూసింది. బాపు దఫ్తరు నుంచి బడికి పరుగెత్తాడు. పిల్ల పొద్దున రానే లేదన్నారు. ఆ తర్వాత ఇంటి బావిలో కొక్కేల పాతాళగరిగె వేసి దేవారట. కొందరు మూసీ వైపు పోయారట. చంటివాడైన నా తమ్ముడికి పాలివ్వడం కూడా మరిచిపోయి మా అమ్మ వాకిట్లో కూలబడిపోయిందట. మా ఇంటి ముచ్చటల్లో ఇవన్నీ ‘అట’లే. నేను అప్పుడు మెహందీ ఆరబెట్టుకుంటున్నాను.

పొద్దు వాలుతుండగా పర్దా కట్టిన రిక్షా మా గడప ముందు ఆగింది. మా గల్లీ, తాతయ్య గుడి ఆనవాళ్ళు నన్నే అడిగి తెలుసుకుని, ముసలి బేగం స్వయంగా నన్ను దింపింది. మా తాతయ్య అడిగిన మొదటి మాట, “అక్కడ ఏమన్న తిన్నదా?” అని. ఇది నేను అబద్ధం చెప్పడం లేదు. పొద్దంతా దొరకని పిల్ల దొరికితే అడిగిన మొదటి మాట అది.

బేగం బుర్ఖా లోపలి నుంచే జవాబిచ్చింది. “అరటిపండ్లు దప్ప ఏం బెట్టలే అయ్యగారూ. మీ ఇంటి పద్ధతి నాకు ఎరుకే.” తర్వాత బాపమ్మ వైపు తిరిగింది. “అమ్మా, మా పిల్లలల్ల కలిసిపోయింది, తప్పు మాదే, మాఫ్ చెయ్యి. కానీ ఒక్క మాట అడుగుత, బురా అనుకోకు. ఇంత చిన్న జాన్‌ను సడక్ మీద ఎవరికి అప్పజెప్పి ఇంట్లకు పోయిండ్రు?”

బేగం వెళ్ళిపోయింది.

ఇక అరుగు మీద నవ్వులు మొదలయ్యాయి. “మా బిడ్డ పిలవని పెండ్లికి పోయొచ్చింది” అని మా బాపు నవ్వాడు. ఏడ్చి ఏడ్చి ఉన్న కళ్ళతోనే నవ్వాడు, అది నేను కాదనను. పక్కింటాయన నా చేతులు పట్టి చూసి “మెహందీ మస్తు పండింది, ఇగ పిల్లగాణ్ణి చూసుడే” అన్నాడు. “ఏం గాలే గదా” అని ఒకరు, “ఏం గాలే, ఏం గాలే” అని ఇంకొకరు. ఈ మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏమీ కాకపోవడం వాళ్ళు చేసిన పనా? మోటారులో ఉన్నవాళ్ళు మంచివాళ్ళు కావడం ఆ పొద్దు నా అదృష్టం. ఆ అదృష్టాన్ని వాళ్ళు తమ తెలివి కింద జమ కట్టుకున్నారు.

నవ్వులయ్యాక తాతయ్య తీర్పు చెప్పాడు. “ఆడపిల్లకు ఈ బడి లొల్లి ఏంది? రేపటి సంది ఇంట్లనే ఉంటది.” తప్పిపోయినదాన్ని నేను గనక, శిక్ష కూడా నాకే.

మా బాపమ్మకు అక్షరం ముక్క రాదు. ఆమె స్తంభానికి ఆనుకుని నిలబడి అడిగింది. “బడి మాన్పుడు తర్వాత. రేపు పొద్దుగాల పిల్ల పక్కన ఎవరు నిలబడతరు?” బాపు దఫ్తరుకు ఆలస్యమవుతుందన్నాడు. తాతయ్యకు గుడి. మా అమ్మకు చంటివాడు, పైగా కోడలు వీధిలో నిలబడితే నలుగురు ఏమంటారని. బాపమ్మకు నైవేద్యం. అందరికీ పని ఉంది. దొంగపనులు కావు, అన్నీ గౌరవమైన పనులే. అందుకే వాటిని ఎవరూ ప్రశ్నించరు.

తెల్లవారింది. బాపమ్మ ఎప్పటిలాగే స్నానం చేసి తడిబట్టతో పొయ్యి ముట్టించింది. ఎసరు మరుగుతోంది. నేను వంటింటి గడప ఇవతల ముడుచుకుని కూర్చున్నాను. సంచీ తెచ్చుకోమని నాకు చెప్పింది. తర్వాత ఎసరు గిన్నె దించి, చెంబెడు నీళ్ళు పొయ్యిలో పోసింది. బూడిద లేచి ఆమె ముఖమంతా పడింది. తుడుచుకోలేదు. గీత దాటి నా దగ్గరకు వచ్చి నా చేయి పట్టుకుంది.

నేను బెదిరిపోయాను. “బాపమ్మా, మడి” అన్నాను. “నడువ్” అంది.

తడిబట్ట కాళ్ళకు చుట్టుకుంటుండగా గల్లీ అంతా నడిచింది. ఆమెను ఆ వేళకు, ఆ బట్టలో వీధిలో ఎవరూ చూసి ఎరగరు. ఎదురొచ్చినవాళ్ళు గోడకు అంటుకుపోయారు. తోపుడుబండివాడు బండి ఆపేశాడు. కమాను కింద నన్ను పక్కన పెట్టుకుని నిలబడి, సైకిళ్ళ దుకాణం భాయ్‌ను పిలిచింది.

“నిన్న పొద్దుగాల నువ్వు ఈడనే ఉన్నవా?”

“ఉన్న అమ్మా.”

“పిల్లను చూసినవా?”

“చూసిన. మోటారెక్కింది.”

“ఎవరి మోటారు?”

ఆయన చేతిలోని పంపు కింద పెట్టి తల గీరుకున్నాడు. “గది నేను చూడలే అమ్మా. హోటలాయన చూస్తుండు గదా అనుకున్న.” హోటలాయన గల్లా దగ్గర లేచి నిలబడ్డాడు. భాయ్ చూస్తున్నాడు కదా అని ఆయన అనుకుని ఉంటాడు. పది మంది కళ్ళు అంటే అదే. పది మందీ చూశారు, ఒక్కరూ కాపలా కాయలేదు.

ఇంతలో తాతయ్య గుడి నుంచి రొప్పుతూ వచ్చాడు, వెనక బాపు. తాతయ్య అందరి ముందే కేక వేశాడు. “పొయ్యిల నీళ్ళు పోసినవట. మైల బట్టల పిల్లను ముట్టుకున్నవ్. ఇయ్యాల దేవుణ్ణి పస్తు పెడతవా?”

బాపమ్మ గొంతు పెంచలేదు. పెంచకుండానే కమాను కింద అందరికీ వినబడింది. “దేవుడు యాడికి పోడు. ఆయన తలుపుకు తాళముంది, తాళంచెవి నీ మొలకుంది. ఈ పిల్లకేముంది?”

తాతయ్య చేయి మొలలోని తాళంచెవుల మీదకు పోయింది. అక్కడే ఆగిపోయింది.

“రేపు ఈడ ఎవరన్న నిలబడితే నేను వండుత. లేకుంటే నేనే నిలబడుత. ఎవరి ఆకలి వాళ్ళు చూసుకోండ్రి” అంది. అసలు మోటారు వచ్చింది. ఆయా దిగేదాకా బాపమ్మ నా చేయి వదలలేదు. “పట్టుకో” అని ఆయా చేతిలో పెట్టి, ఆమె వేళ్ళు బిగిసేదాకా చూసి, అప్పుడు వదిలింది.

ఆ మర్నాటి నుంచి కొన్నాళ్ళు బాపు నిలబడ్డాడు. తర్వాత దఫ్తరులో సాహెబు కోప్పడుతున్నాడని మానేశాడు. బాపమ్మ మళ్ళీ తానే వచ్చింది. నన్ను మోటారు ఎక్కించి, తిరిగి వెళ్ళి, అప్పుడు స్నానం చేసి పొయ్యి ముట్టించేది. నైవేద్యం గంట ఆలస్యమైంది. తాతయ్య గొణిగాడు గాని, దేవుడు మాత్రం ఏమీ అనలేదు.

ఆమె నిలబడ్డన్నాళ్ళూ నేను చదువుకున్నాను. నాలుగో తరగతిలో ఉండగా ఒక చలికాలం జ్వరంతో ఆమె పోయింది. పది రోజుల కర్మ అయ్యాక, రేపు ఎవరు నిలబడతారని అడిగే మనిషి మా ఇంట్లో లేదు. బడి మాన్పించారు. నా చదువు అంతటితో సరి. పిల్లను వీధిలో ఒంటరిగా వదలడం సులువు, ఇంట్లో కట్టిపడేయడం ఇంకా సులువు. పక్కన నిలబడడమే ఎవరికీ కుదరదు. ఈ ఒక్క సంగతి అర్థం కావడానికి నాకు ఐదో తరగతి అవసరం రాలేదు.

ఇప్పుడు నేను చాంద్రాయణగుట్ట దగ్గరే ఉంటున్నాను, ఆ పెళ్ళిమోటారు పోయిన దారిలోనే. మా ఇంటి ముందు పొద్దున పసిపిల్లలు మెడకు టై, వీపున తమకంటే బరువైన సంచీ వేసుకుని బస్సు కోసం నిలబడతారు. పైనుంచి బండ్లు, పక్కనుంచి ఆటోలు. తల్లిదండ్రులను అడిగితే, “అందరూ ఉంటరు గదమ్మా, ఇన్నేండ్ల సంది ఏం గాలే” అంటారు. అదే మాట. ఇన్నేళ్ళలో మాట కూడా మారలేదు.

అందుకని నేను పీట తెచ్చుకుని అక్కడ కూర్చుంటాను. మోకాళ్ళు నిలబడనివ్వవు. బండి ఆగినప్పుడల్లా “ఎవరి బండి?” అని అడుగుతాను. డ్రైవర్లు నవ్వుతారు. ఒకడైతే “పొద్దుగాలనే పోలీసు నౌకరీ జేస్తున్నవా పెద్దమ్మా” అన్నాడు. అననీ. చిన్న పిల్లలు భయపడితే చేయి పట్టుకుంటాను. అప్పుడు ఆ చెయ్యి జ్ఞాపకం వస్తుంది నాకు. బావినీళ్ళ చలి, బూడిద వాసన, గీత దాటి వచ్చి నన్ను పట్టుకున్న ఆ తడి చెయ్యి. మా బాపమ్మ నాకు నగలివ్వలేదు. ఆ తడి ఇచ్చింది, ఇంతవరకు ఆరలేదు.

ఇక లేవండి, పొద్దుపోయింది. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ పొయ్యి ఆరకూడదు, ఆర్పవలసిన పొద్దు వస్తే ఆర్పే ధైర్యం మీకుండాలి. మీ ఇంటి పిల్ల చేయి ఒక చేతిలోంచి వదిలేలోపే ఇంకొక చేయి అందుకోవాలి.