కాళ్ళ దగ్గర పడిన మడిసంచి

కొలంబోలో దొంగలుంటారని మాకు తెలియక కాదు. చింతామణిలో రైలెక్కక ముందే ఆ ఊరి దొంగల గురించి నాకు తెలిసినంత అక్కడి పోలీసులకైనా తెలిసి ఉండదు. అన్నీ విని, అన్నీ కంఠస్థం చేసి, పట్టపగలు నడివీధిలో నిలబడి పోగొట్టుకున్నాం. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

పెద్ద యుద్ధం ఇంకా రాని రోజులు. మా ఆయన కొలంబోలో ఒక బట్టల కొట్టులో గుమాస్తాగా చేరి ఏడాదయింది. గది దొరికింది, వచ్చెయ్యమని ఉత్తరం రాశారు. నన్నొక్కదాన్నే పంపడానికి మా అత్త ఒప్పుకోలేదు. ఆర్నెల్లు తనూ ఉండి వస్తానంది. సముద్రం దాటడం తప్పు కాదా అని వీధిలో ఎవరో అడిగారు. "రాముడే దాటి పోయిన వూరు, మనం పోతే తప్పేముండాది?" అంది. దానికి ఎదురు చెప్పేవాళ్ళెవరు!

ఆమెకు అరవై దాటాయి. మా మామ బతికినన్నాళ్ళూ గుళ్ళో పూజారి. ఆయన పోయాక కూడా ఆ ఇంట్లో మడి పిసరంత తగ్గలేదు. నేను పన్నెండో ఏట ఆ గడప తొక్కాను. అప్పటి నుంచి పదకొండేళ్ళు నా చెవిలో మోగిన మాట ఒక్కటే: "ముట్టుకోవాకే!" మడిచీర ముట్టుకోవాకు, మడినీళ్ళు ముట్టుకోవాకు, అన్నిటికన్నా ముఖ్యంగా మడిసంచి ముట్టుకోవాకు. ఆ సంచిలో ఆమె కృష్ణుడు ఉండేవాడు. బొటనవేలంత ఇత్తడి బొమ్మ. ఏడేళ్ళ పిల్లగా పెళ్ళయి అత్తవారింటికి వస్తున్నప్పుడు, పుట్టిన ఊరు మండికల్లులో వాళ్ళమ్మ చేతిలో పెట్టిందట. పాకుతున్న కృష్ణుడు. తోమీ తోమీ ముక్కూ కళ్ళూ అరిగిపోయాయి. వాడికి స్నానం చేయించి పాలు పెట్టనిదే ఆమె మెతుకు ముట్టదు. జ్వరం వచ్చినా అంతే, గ్రహణం పట్టినా అంతే.

ప్రయాణం ఖాయమయ్యాక మా వీధి చివరి పెద్దాయన వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. శిడ్లఘట్ట పట్టు కొని ఊరూరా అమ్మే వ్యాపారి. కొలంబోకు రెండుసార్లు పోయొచ్చిన మనిషి, ఒకసారి సంచి పోగొట్టుకుని కూడా వచ్చినవాడు.

"ఇనమ్మా," అన్నాడు నాతో. "ఆ వూర్లో సంచి చూసేదానికి బీదగా ఉండాల. మెరిసే గుడ్డ కనపడిందంటే వాని కన్ను దాని మిందే. చంకలో ఇరికించుకోని మింద చెయ్యి అడ్డం పెట్టుకో. గోడ పక్కన నడువు, బండ్లు పోయే పక్క కాదు. అత్తాకోడళ్ళు ఆనుకోని నడవండి, మధ్యలో గాలి గూడా దూరకూడదు. ఎవడన్నా నీ దుడ్డు కింద పడిందమ్మా అంటే వంగి చూడొద్దు. తెలిసెనా?"

తెలిసింది. ముందే చెప్పాను కదా, కంఠస్థం చేశాను. నోట్లు రవిక లోపల కుట్టుకున్నాను. ఉన్న రెండు గాజులూ తీసి మా అమ్మకిచ్చాను. నా సామాను పాత గోనెసంచిలో కుక్కాను, దాన్ని చూస్తే ఏ దొంగైనా జాలిపడి రెండు కాసులు వేసి పోతాడు. ఇక మిగిలింది మా అత్త సంచి.

ఆ సంచి ఎలాంటిదనుకున్నారు? ఎర్ర పట్టు! ఆమె పెళ్ళిచీర కొంగు కత్తిరించి కుట్టుకున్నది, మూతి చుట్టూ జానెడు జరీ.

"అత్తా, నూలుసంచి ఒకటి కుట్టిస్తాను," అన్నాను.

"నూలు మైల పడతాదే. పట్టుకు మైల లేదు."

"పోనీ చంకలో పెట్టుకోండి."

"మడి సంచిని చంకలోనా? థూ!"

"పోనీ నేను మీ పక్కనే ఆనుకుని నడుస్తాను."

"ఆనుకుంటే మడి యాడుంటుందే? రెండు బారలు ఎనక నడువు."

ఆ పెద్దాయన చెప్పినదానికి ప్రతిదానికీ సరిగ్గా ఎదురు! దొంగల కోసమే ఎవరో కూర్చుని ఈ మడి కనిపెట్టారేమో అనిపించింది. ఆ మాట పైకి అంటే ఇంట్లో గొడవ. పళ్ళు కొరుక్కుని ఊరుకున్నాను.

మా చిన్న రైలెక్కి బెంగళూరు, అక్కణ్ణుంచి మదరాసు, అక్కణ్ణుంచి ధనుష్కోటి. దారి పొడుగునా ఆమె అరటిపళ్ళూ పేలాలూ తప్ప తినలేదు. కృష్ణుడికి మాత్రం ప్రతి పొద్దున ఏదో ఒక స్టేషను కొళాయి కింద తానే ఇత్తడి చెంబుతో పట్టి స్నానం చేయించింది. స్టీమరులో అందరూ వాంతులు చేసుకుంటుంటే ఆమె మాత్రం సంచిని చేతి పొడవునా ముందుకు చాచి పట్టుకుని కదలకుండా కూర్చుంది.

స్టీమరు దిగి మళ్ళీ రైలెక్కి కొలంబో చేరాం. మా గది ఒక వరస ఇళ్ళ మధ్యలో ఉంది. అందరికీ కలిపి ఒక్కటే కొళాయి. దారిలో అయితే తప్పలేదు గానీ, ఇక్కడ తన కృష్ణుడికి ఆ నీళ్ళు పనికిరావంది. నాలుగు వీధుల అవతల తమిళ వర్తకుల గుడి ఒకటి, దాంట్లో బావి. రోజూ పొద్దున ఆ బావి దగ్గరికి పోయి, తను స్నానం చేసి, వాడికీ చేయించి, అక్కడే పూజ చేసి, పాలు పెట్టి తిరిగి రావడం. తోడు నేను. ఇల్లు ఊడ్చి, అంట్లు తోమి, ఆ చీరతోనే బయల్దేరేదాన్ని కాబట్టి నాకు మడి లేదు. రెండు బారలు వెనక.

ఆ నాలుగు వీధులూ బజారే. ఎద్దుబండ్లు, రిక్షాలు, ఎండుచేపల బుట్టలు, కూలీల అరుపులు. వాటి మధ్యలో మా అత్త ఎవరికీ తగలకుండా నడివీధిలో, ఎర్రపట్టు సంచిని రెండు వేళ్ళతో పట్టుకుని, చెయ్యి బారచాపి నడిచేది. దీపం పట్టుకుని పోతున్నట్టుండేది. చూసినవాళ్ళు దాంట్లో ఎన్ని వజ్రాలున్నాయో అనుకుని ఉంటారు. నేను వెనక నుంచి "అత్తా, గోడ పక్కకు రండి, అత్తా, దగ్గరగా పట్టుకోండి" అని రోజూ గొంతు చించుకునేదాన్ని. వింటేనా!

మూడో వారంలో జరిగింది. గుడి నుంచి తిరిగి వస్తున్నాం. పక్క సందులోంచి ఒకడు పరిగెత్తుకుంటూ వచ్చి సంచి పట్టుకుని లాగాడు. మా అత్త వదల్లేదు. ఆ రెండు వేళ్ళలో అంత బలం ఎక్కడిదో! పాత పట్టు కదా, పిడి పుటుక్కున తెగింది. లాగిన ఊపుకు వాడు వెల్లకిలా పోయి నాలుగు గజాల అవతల పడ్డాడు. సంచి ఎగిరొచ్చి సరిగ్గా నా కాళ్ళ దగ్గర పడింది.

ఇక్కడ ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎవరికి చెప్పినా నమ్మరు. వాడింకా లేవలేదు. సంచి నా బొటనవేలికి బెత్తెడు దూరంలో ఉంది. నేను వంగాను. చెయ్యి చాచాను. ఆ చెయ్యి జానెడు పైన ఆగిపోయింది. అంతేనా, నా కాలు తగులుతుందేమోనని అడుగు వెనక్కి వేశాను. చీర కుచ్చిళ్ళు రాసుకుంటాయేమోనని ఎత్తి పట్టుకున్నాను కూడా! పట్టుకుని, "అత్తా, ఇక్కడ పడింది, రండి, ఎత్తుకోండి!" అని కేక పెట్టాను.

ఆమె వచ్చేలోపల వాడు లేచాడు. ఒళ్ళు దులుపుకున్నాడు. నా ముందుకొచ్చి, నా మొహం ఒకసారి చూసి, సంచి తీసుకుని, పరిగెత్తకుండానే సందులోకి వెళ్ళిపోయాడు.

మా అత్త నా వైపు తిరిగింది. "నీ కాళ్ళకాడ పడింది గదే! ఎత్తుకోకపోతివే, ఎందుకే?"

విన్నారా? పదకొండేళ్ళు ముట్టుకోవద్దని చెప్పిన నోటితో! కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అక్కడే, ఆ ఎండుచేపల మధ్యలో, ఇద్దరం ఒకరి మీద ఒకరం అరుచుకున్నాం. తెలుగు రాని జనం చుట్టూ మూగి చూశారు.

ఇంటికొచ్చి ఆమె చాప మీద పడుకుంది. అన్నం వద్దంది. మా ఆయనకు చెప్పాను. ఆయన అంతా విని, "నీ కాళ్ళ దగ్గర పడిందా?" అని ఒక్క మాట అడిగి తల దించుకున్నారు. ఆయనా ఆ ఇంట్లో పెరిగినవారే, అందుకే ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తిట్టినా బాగుండేది. పోలీసు స్టేషనుకు పోయి చెప్పారు. పాత ఇత్తడి కొనే కొట్లన్నీ తిరిగారు. బొటనవేలంత ఇత్తడికి ఏ దొంగకైనా ఏం ముడుతుంది? ఏ మురిక్కాలవలోనో విసిరేసి ఉంటాడు, ఆ పట్టుగుడ్డ పనికొస్తుందని ఉంచుకుని ఉంటాడు.

రెండో రోజు సాయంత్రం ఆయన కొత్త కృష్ణుణ్ణి కొనుక్కొచ్చారు. తళతళలాడుతున్నాడు, కళ్ళూ ముక్కూ అన్నీ ఉన్నాయి. ఆమె చూసి మొహం తిప్పుకుంది. "కొన్నోడు నాకు బిడ్డెట్లయితాడప్పా? వాపసు ఇచ్చెయ్యి."

మూడో రోజుకు లేచి కూర్చోలేకపోయింది. కడుపులో నీళ్ళు తప్ప ఏమీ లేవు. పెదవులు ఎండిపోయాయి. మా ఆయన గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నారు. ఇట్లాగే ఈమె పోతే, పరాయి ఊళ్ళో, నా మూలంగా పోతుంది. భయమేసింది. నాకు భయమేస్తే ముందు కోపం వస్తుంది, అది నా పుట్టుక.

"చెప్పండత్తా!" అని అరిచాను. "ముట్టుకునుంటే ఏమనేవారు? మైల చేసినావే ముండా అని వీధిలోనే తిట్టేవారు కాదా? నా చెయ్యి ఆపింది నేనా, మీరా?"

ఆమె కళ్ళు తెరిచి నా వైపు తిరిగింది.

"తిట్టుందును," అంది. "తిట్టి, ఇంటికొచ్చి ఇంత చింతపండేసి తోముకొనుందును. మైలైతే తోముకోవచ్చునే. పోయినోన్ని యాడని తోమేది?"

ఇంత చింతపండు! మా ఇంటి అటక మీద ఏడాదికి సరిపడా కుండల్లో తొక్కి పెట్టే చింతపండు! పదకొండేళ్ళలో ఒక్కరోజు, ఒక్క పూట, ఆ మాట నాతో అనుంటే! నేను ఏడ్చాను. ఏడుస్తూనే లేచి పాలు కాచాను. స్నానం చెయ్యలేదు, చీర మార్చలేదు. ఆ చేతులతోనే ఆమెను భుజాలు పట్టి లేపి నా ఒళ్ళో ఆనించుకుని, లోటా నోటికి పెట్టాను. పెట్టేముందు, ఆమె వద్దనడానికి వీల్లేకుండా, "ముట్టుకుంటాండాను, తిట్టండి," అన్నాను. ఆమె తిట్టలేదు. కళ్ళు మూసుకుని తాగింది.

ఆమెను దిగబెట్టడానికి ఆర్నెల్ల తర్వాత ఆయనా నేనూ కూడా బయల్దేరాం. స్టీమరు ఎక్కే చోట ఒకటే తొక్కిసలాట. ఆయన పెట్టెలతో ముందు పోతున్నారు, నేను అలవాటుకొద్దీ రెండు బారలు వెనక. మా అత్త ఆగింది. తన కొత్త సంచి, మడిచీరా గంధపుచెక్కా మాత్రమే ఉన్నది, తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పట్టుకో. చంకలో పెట్టుకో, గట్టిగా."

ఇప్పుడా? దాంట్లో వాడు లేనప్పుడా?

"మైల కాదా అత్తా?" అన్నాను కోపంగానే.

"కానీలే," అని నా పక్కకొచ్చి భుజం ఆనించి నడిచింది. "ఇంటికి పోయి ఉతుక్కుంటా."