కడగని చేతులు

గుడియాత్తం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చుని సుగంతి అగ్గిపుల్లలను పెట్టెల్లో నింపేది. పక్క షెడ్డు కాలిపోయినప్పటి నుంచి ఆమెకు ఒకటే భయం. తన చేతులకు అగ్గిపుల్లల మందు అంటుకుని ఉండాదనీ, ముట్టుకుంటే బిడ్డ కాలిపోతుందనీ. పని మానేసినా భయం పోలేదు. కడిగి కడిగి చేతులు పగిలి నెత్తురు కారేవి. ఏడాది నిండని ఆ బిడ్డ, శృతి, తల్లి ఒడి ఎరగకుండా పెరుగుతా ఉండింది.

"గీకకుండా పుల్ల అంటుకునేది యాడైనా చూసినావా?" అని అత్త ధనమ్మ దెప్పేది.

"తెలుసత్తా. తెలిసినా మనసు వినదే! ఈ చేతులు లేకుంటే బాగుండు," అని ఏడ్చేది సుగంతి.

వేలూరులో మనసు డాక్టరమ్మ ఆమె భయాన్ని చూసి నవ్వలేదు. "కడిగినప్పుడల్లా భయానికి మేత వేస్తా ఉండావమ్మా. ముట్టుకుని, కడక్కుండా కూర్చో. భయం పెరుగుతుంది, మళ్లీ తనంతట తనే దిగుతుంది. అది దిగేది నువ్వే చూడాల," అనింది. ముందు బిడ్డ గౌను, ఆపైన ఊయల గుడ్డ ముట్టుకునేది అలవాటు చేయించింది.

నిన్న నేను వాళ్లింటికి పోయినప్పుడు ధనమ్మ బిడ్డను తెచ్చి సుగంతి ఒడిలో పెట్టింది. సుగంతి బిడ్డకు తగలకుండా చేతులు పైకెత్తేసింది.

"అత్తా, ఒక్కసారి కడుక్కుంటాను. నీ కాళ్లు పట్టుకుంటాను."

"నా కాళ్లెందుకే, నీ బిడ్డ కాళ్లు పట్టుకో!"

పట్టుకునింది. పొగ వాసన వస్తుందేమోనని ముక్కు ఎగబీలుస్తా, కళ్లు మూసుకుని కూర్చునింది. శృతి అట్లే నిద్రపోయింది.

"ఇంకా భయంగానే ఉండాదక్కా," అనింది నాతో. చేతులు మాత్రం తీయలేదు.