ఏడో రేకు

2019 వర్షాకాలం. బందరులో కోనేరు సెంటరుకు కాస్త ఇవతల, మేడ మీద మా ఫోటో స్టూడియో. నేను కెమెరా పట్టి అప్పటికి ఇరవై రెండేళ్ళయింది. అవనిగడ్డ నుంచి గుడివాడ దాకా నేను తియ్యని పెళ్ళి లేదని గొప్పలు పోయే రోజులవి. పెళ్ళిళ్ళు తీసేవాడికి ఒక ధీమా ఉంటుంది. మూడు ముళ్ళు పడే క్షణాన్ని పట్టేసేవాడికి, కదలకుండా పడుండే వస్తువును తియ్యడం ఒక లెక్కా అనుకుంటాడు. ఆ ధీమాకు నాకు పడిన మొట్టికాయ గురించే చెప్పబోతున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, అంతకు నాలుగింతలు సంబరంగానూ ఉంటుంది.

ఒక మధ్యాహ్నం పెడన నుంచి పద్మావతి గారని ఒకావిడ వచ్చింది. వాళ్ళది కలంకారీ అద్దకం పని. నాలుగు బల్లలేసుకుని ఇంటి దగ్గరే దుప్పట్లు, చీరలు అద్దుతారు. రెండు అట్టల మధ్య, న్యూస్ పేపరు మడతల్లో దాచి తెచ్చిన గుడ్డముక్కను నా టేబుల్ మీద పెట్టి, పసిబిడ్డ మీది దుప్పటి తీసినట్టు పేపరు తీసింది. జానెడు ముక్క. దాని మీద ఒక అంచు డిజైన్. మధ్యలో ఏడు రేకుల పువ్వు, చుట్టూ వెంట్రుకంత సన్నటి తీగలు.

ఆ డిజైన్ వాళ్ళమ్మ సొంతంగా గీసిందట. దాన్ని చెక్కించిన టేకు అచ్చును చెదలు తినేశాయి. ఆ అచ్చుతో అద్దిన గుడ్డలన్నీ వాడకంలో చిరిగిపోయాయి. ఒక్క అచ్చు పూర్తిగా పడిన ముక్క ఇదొక్కటే మిగిలింది. ఇదీ ఎక్కువ కాలం ఉండేట్టు లేదు. పెడన అద్దకంలో నల్లరంగును ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో నానబెట్టి తీస్తారు. ఆ నలుపు ఏళ్ళు గడిచేకొద్దీ తన కింది నూలును తనే తినేస్తుంది. అందువల్ల గుడ్డ బాగానే ఉంటుంది కానీ, గీతలు మాత్రం పొడిపొడిగా రాలిపోతుంటాయి. పైన కాగితం పెట్టి పెన్సిలుతో దిద్దుకుందామంటే, ఆ ఒత్తిడికే రాలిపోతాయి.

"తెరిచినప్పుడల్లా కాస్త పోతోందండీ. రాలకముందే మీరు ఫోటో తీసిపెడితే, ఆచారి బాబాయి దాన్నిబట్టి కొత్త అచ్చు చెక్కుతాడు. మా అమ్మ గీసినవాటిలో ఇది తప్ప ఇంకేమీ మిగల్లేదు అన్నయ్యగారూ," అంది.

ఆచారి గారంటే పెడనలో అచ్చులు చెక్కే పెద్దాయన. ఫోటోను సరిగ్గా గుడ్డ సైజులోనే, కుడి ఎడమలు తిప్పి ప్రింటు వేసి ఇస్తే, దాన్ని చెక్క మీద అతికించి గీత వెంబడి ఉలి నడుపుతాడు. దానికేం భాగ్యం అన్నాను. ఫ్లాష్ మాత్రం కొట్టొద్దంది, ఆ వెలుగుకు ఉన్న రంగు కూడా పోతుందని ఆవిడ భయం. ఒకటి రెండు ఫ్లాష్‌లకు ఏమీ కాదని నాకు తెలుసు. అయినా వస్తువు ఆవిడది, మాట ఆవిడదే. కిటికీ పక్కన టేబుల్ వేసి, దాని మీద తెల్ల అట్ట పెట్టి, గుడ్డ పరిచి, కెమెరాను ట్రైపాడ్ మీద కిందికి చూసేట్టు బిగించాను. బయట మబ్బు. వెలుతురు తక్కువ కాబట్టి షట్టర్ స్పీడ్, అంటే ఫోటోకు వెలుతురు లోపలికి వచ్చే సమయం, సెకనులో ఎనిమిదో వంతు పెట్టాల్సి వచ్చింది. ట్రైపాడ్ ఉండగా భయమేంటని వరసగా ఎనిమిది కొట్టాను. కెమెరా వెనక చిన్న స్క్రీన్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆవిడ గుడ్డ మడిచి తీసుకెళ్ళింది. టేబుల్ మీది తెల్ల అట్ట మీద కాస్త నల్లపొడి మిగిలింది. చేత్తో దులిపేశాను.

గుడివాడలో నాకు అలవాటైన ల్యాబ్‌లో ప్రింటు వేయించి, నేనే పెడన తీసుకెళ్ళాను. మెచ్చుకుంటే వినాలని వెళ్ళాను, ఎందుకు దాచడం. ఆచారి గారు వసారాలో పీట మీద కూర్చుని, భూతద్దం కంటికి పెట్టుకుని, ప్రింటును ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. చాలాసేపటికి తలెత్తాడు.

"బాబుగారూ, ఇందులో ఏ గీత చెక్కమంటారు?"

నాకు అర్థం కాలేదు. భూతద్దం నా చేతికిచ్చాడు. చూద్దును కదా, ప్రతి గీత పక్కనా దాని నీడలాంటి గీత ఇంకొకటి ఉంది. మామూలు కంటికి తెలియదు. భూతద్దంలో మాత్రం తీగలన్నీ జంటలు జంటలుగా ఉన్నాయి.

"ఉలికి ఒక గీతే తెలుసండీ," అని ప్రింటు నా చేతిలో పెట్టాడు. అందులో కోపం లేదు, వెక్కిరింత లేదు. అందుకే తల కొట్టేసినట్టయింది.

స్టూడియోకి వచ్చి అనుమానం ఉన్న ప్రతిదాని మీదా పడ్డాను. ముందు లెన్స్‌ను తిట్టుకున్నాను. స్నేహితుడి లెన్స్ అడిగి తెచ్చి, ఇంట్లోని సన్నగీతల గుడ్డ ఒకటి పరిచి తీసినా అదే కథ. తర్వాత ట్రైపాడ్ మరలు బిగించాను. రోడ్డు మీద బస్సు వెళ్తే మేడ అదురుతుందని గుర్తొచ్చి, సరంజామా అంతా కింది వసారాలోకి దించాను. ఫ్యాన్ ఆపాను. నొక్కేటప్పుడు నా చెయ్యి కెమెరాకు తగలకూడదని, వైరు చివర మీట ఉండే రిమోట్ కూడా కొన్నాను. కాస్త మెరుగైంది కానీ, ఆ జంట గీత పోలేదు. మూడు రోజులు మనశ్శాంతి లేదు. ఇరవై రెండేళ్ళ అనుభవం జానెడు గుడ్డ ముందు బోర్లా పడింది.

నాలుగో రోజు పద్మావతి గారే వచ్చింది. ఆచారి గారు విషయం చెప్పినట్టున్నాడు. ఒక్క నిష్ఠూరపు మాట అనలేదు. తమ బల్ల మీదే అద్దిన కొత్త చేతిరుమాలు ఒకటి తెచ్చి, పాత ముక్కను ఇంకొక్కసారే తెరుస్తానని, దానికి ముందు ఈ రుమాలు మీద సరిగ్గా తీసి చూపించమని అడిగింది. న్యాయమైన మాట. రుమాలు పరిచి తీశాను. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే జంట గీత. మళ్ళీ తీశాను. మళ్ళీ అదే.

ఆవిడ కుర్చీలోంచి లేచి వచ్చి ట్రైపాడ్ కాలు మీద అరచెయ్యి ఆనించింది. "ఇప్పుడు నొక్కండి," అంది. తాకితే కదులుతుందని చెప్పబోయి, ఎలాగూ బాగా రావడం లేదు కదా అని నొక్కాను. ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. ఇంకోసారి నొక్కమంది.

"మీ పెట్టె గుద్దుతోందండీ," అంది.

"గుద్దడమేంటమ్మా?"

"లోపల ఏదో టప్పున కొడుతోంది. ఆ అదురు పోకముందే మీరు ఫోటో తీసేస్తున్నారు. మేం అచ్చు పెట్టి పిడికిలితో గుద్దుతామా, గుద్దిన వెంటనే ఎత్తం. ఒక ఊపిరి ఆగుతాం. గుద్దు సర్దుకున్నాక నిటారుగా ఎత్తుతాం. తొందరపడి ఎత్తితే ఇదిగో, ఇలాగే గీత రెండుగా పడుద్ది. పని నేర్చుకునేవాళ్ళు మొదటేడు చేసే తప్పేనండీ ఇది."

ఆవిడ అరచేతికి తెలిసింది నా కెమెరాలోని అద్దం! డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్స్ వెనక ఒక చిన్న అద్దం వాలుగా ఉంటుంది. మనం కన్ను పెట్టి చూసే బొమ్మ దాని మీద పడి వచ్చేదే. బటన్ నొక్కగానే అది టప్పున పైకి లేస్తుంది, వెంటనే షట్టర్ తెరుచుకుంటుంది. అద్దం లేచిన అదురు ట్రైపాడ్ మీద ఉన్నా రవ్వంత ఉంటుంది. పెళ్ళిళ్ళలో ఫ్లాష్ వెలుగు రెప్పపాటు కన్నా తక్కువ సేపు పడుతుంది కాబట్టి ఆ అదురు ఫోటోలో కనబడదు. సెకనులో ఎనిమిదో వంతు తెరిచి ఉంచితే మాత్రం తప్పక కనబడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఫ్లాష్ నా తప్పును కాచుకొస్తోందన్నమాట.

దీనికి విరుగుడు నా కెమెరాలోనే ఉంది. పేరు మిర్రర్ లాక్-అప్. కొన్నప్పటి నుంచీ ఆ సెట్టింగ్ పేరు చదివానే తప్ప ఒక్కసారి వాడిన పాపాన పోలేదు. అది పెట్టుకుంటే, మొదటిసారి నొక్కినప్పుడు అద్దం ఒక్కటే లేచి ఆగుతుంది. రెండోసారి నొక్కితేనే ఫోటో పడుతుంది. అంటే గుద్దు వేరు, ఎత్తడం వేరు. రిమోట్ పట్టుకుని ఒకసారి నొక్కాను. టప్. ఆవిడ చెయ్యి ఎత్తి ఆగమంది. ఊపిరి పీల్చి, వదిలి, ఊ అంది. రెండోసారి నొక్కాను. చిన్న చప్పుడు, అంతే.

కంప్యూటర్‌లో పెద్దది చేశాను. జంట గీత లేదు! ఒక్కటే గీత. అయినా తీగలు కాస్త మెత్తగానే ఉన్నాయి. ఈసారి తప్పు ఫోకస్‌ది. వసారా అంతా నవ్వుతూ తిరుగుతూ, ఇంక వదలనని లైవ్ వ్యూ తెరిచాను. అద్దాన్ని ఎత్తి ఉంచి, బొమ్మను వెనక స్క్రీన్ మీద చూపించే పద్ధతి అది. కంటితో చూసి తియ్యలేనివాళ్ళకే అదని నాకు మహా పొగరుగా ఉండేది. అందులో ఒక తీగను పది రెట్లు పెద్దది చేసి, లెన్స్ రింగ్‌ను చేత్తో తిప్పాను. మసక... మసక... ఒక్కసారిగా నూలుపోగులు పైకి తేలాయి. అడ్డపోగు, నిలువుపోగు, పోగు మీది నూగు కూడా. పద్మావతి గారు స్క్రీన్ మీదికి వంగి, మా గుడ్డలో నేత ఇలా ఉంటుందా అని మురిసిపోయింది. నా కెమెరాలో లైవ్ వ్యూ నుంచే నొక్కినా, అద్దం ఒకసారి కిందికి వాలి మళ్ళీ లేస్తుంది. అందుకని ఫోకస్ లైవ్ వ్యూలో, ఫోటో మిర్రర్ లాక్-అప్‌లో తియ్యాలని తేల్చుకున్నాను. ఈసారి తీసిన ఫోటోలో పోగులు లెక్కపెట్టొచ్చు. పరీక్షలో ఫస్ట్ వచ్చిన పిల్లాడిలా గంతులెయ్యడం ఒక్కటే తక్కువ.

మర్నాడు ఉదయం ఆవిడ పాత ముక్క తెచ్చింది. వసారాలో టేబుల్, దాని మీద తెల్ల అట్ట, అట్ట మీద ముక్క. లైవ్ వ్యూ తెరిచి, పది రెట్ల బొమ్మలో పువ్వు చుట్టూ మెల్లగా జరుగుతూ వెళ్ళాను. ఒకటో రేకు, రెండోది, మూడోది... ఆరు. ఏడో రేకు ఉండాల్సిన చోట గీత లేదు. నలుపు ఉన్న దారి వెంబడి సన్నటి చిరుగు, అక్కడక్కడా తెగిన పోగులు. నిన్నటి ఉత్సాహమంతా దిగిపోయింది. మొదటి రోజు ఫోటో తెరిచి చూశాను. అందులో ఏడో రేకు ఉంది, జంట గీతలుగా మసగ్గా ఉంది. ఆ రోజు నా టేబుల్ మీద రాలిన నల్లపొడి అదే. నేను చేత్తో దులిపేసింది వాళ్ళమ్మ గీతను.

ఆవిడకు చెప్పక తప్పలేదు. స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను.

"నాకు ఆ రోజే తెలుసండీ. మడతపెట్టేటప్పుడు చూశా," అంది. "చెబితే మాత్రం అతుక్కుంటుందేంటి. మిగిలినవి తియ్యండి."

ఒకసారి నొక్కాను. టప్. ఇద్దరం ఊపిరి పీల్చి వదిలాం. రెండోసారి నొక్కాను. ఒక్క ఫోటోనే, అదే చాలింది. అంత పదునైన ఫోటో నా జన్మలో తియ్యలేదు.

ఆచారి గారు కొత్త ప్రింటు మీద భూతద్దం నడిపి, పక్కనున్న టేకు చెక్కను దగ్గరికి జరుపుకున్నాడు. అంతకన్నా మెప్పు నాకు ఏ పెళ్ళివారూ ఇవ్వలేదు. తర్వాత ఖాళీ చోట వేలు పెట్టి, ఇక్కడేం చెయ్యాలని అడిగాడు. పద్మావతి గారు నా మసక ఫోటో పక్కన పెట్టుకుని, దాన్ని చూస్తూ, పెన్సిలుతో ఆ రేకును ప్రింటు మీద తనే గీసింది. అద్దడమే కానీ గీయడం ఆవిడకు అలవాటు లేదు. రేకు కాస్త లావుగా వచ్చింది. సన్నం చేస్తానని ఆయన అన్నాడు.

"వద్దు బాబాయ్. అమ్మవి ఆరు, నాదొకటి. అలాగే చెక్కు," అంది.

ఇప్పుడు అద్దంలేని కెమెరాలు వచ్చాయి, నేనూ అదే వాడుతున్నాను. ఇక ఈ గొడవంతా ఎందుకని కుర్ర ఫోటోగ్రాఫర్లు అడుగుతారు. అద్దం పోయినా నీ వేలు పోలేదు కదా, రెండు సెకన్ల టైమరైనా పెట్టుకో అంటాను. కదిలే మనుషులకు ఇదంతా పనికిరాదు. కదలనివాటిని తక్కువ వెలుతురులో తీసేటప్పుడు మాత్రం, మన చెయ్యి కుదురుగా ఉంటే సరిపోదు, చేతిలోని పనిముట్టు కూడా కుదురుకునే దాకా ఆగాలి. ఆ ఆగడం నాకు కెమెరా పుస్తకం నేర్పలేదు, పెడన అద్దకం బల్ల నేర్పింది.

కొత్త అచ్చుతో అద్దిన మొదటి గుడ్డలోంచి ఆవిడ నాకొక కర్టెన్ కుట్టించి పంపింది. స్టూడియో కిటికీకి వేశాను. దాని అంచు పొడుగునా జానెడుకొక పువ్వు, ప్రతి పువ్వులోనూ ఆరు సన్నటి రేకులు, ఒక లావు రేకు. చూపున్న కస్టమర్లు అప్పుడప్పుడు ఆ ఒక్క రేకు అలా ఉందేంటండీ అని అడుగుతారు.

అది నేను తొందరపడి తీసిన ఫోటో అండీ అని చెబుతాను.