ఇడ్లీ ఆవిరిలో గట్టిపడిన గిన్నె

నా చిన్నప్పుడు మా నానమ్మకి ఎండంటే దేవుడంత నమ్మకం. ఒడియాలైనా, మిరపకాయలైనా, నా తడి జుట్టయినా, ఆఖరికి జలుబు చేసిన మనిషైనా సరే, కాసేపు ఎండలో పెడితే బాగుపడి తీరాల్సిందే. నాన్నగారి ఉద్యోగం దోహాలో కావడంతో మేం అక్కడ నజ్మా అనే పేటలో ఒక పాత మేడలో ఉండేవాళ్ళం. తాతయ్య పోయాక నానమ్మని కూడా అక్కడికే తీసుకొచ్చారు. ఊళ్ళో పదిమందికి సలహాలు చెప్పి బతికిన మనిషికి ఇక్కడ అడిగేవాళ్ళే లేకుండా పోయారు. ఎండకి మాత్రం కొదవ లేదు కదా, డాబా మీద దుప్పటి పరిచి ఒడియాలు పెట్టుకుంటూ రోజులు వెళ్ళదీసేది.

మా పక్క వాటాలో ఒక జపాన్ ఆవిడ ఉండేది. భర్త గ్యాస్ ప్లాంటులో ఇంజినీరు. నేను ఆవిడని జపాన్ ఆంటీ అనేదాన్ని. ఆవిడ తండ్రి చెక్క గిన్నెలకి ఒక రకం చెట్టు పాలతో పూతమీద పూత పూసి, అద్దంలా మెరిపించే పనివాడట. మన ఏటికొప్పాక బొమ్మల లక్క వేరు, ఇది వేరు. చివరి పూత మీద నలుసు పడినా పనికిరాదని, ఆయన పడవేసుకుని నీళ్ళ మధ్యకి పోయి మరీ పూసేవాడని ఆంటీ చెబితే నేను నోరు తెరుచుకుని విన్నాను. ఆయన పోయేనాటికి ఒక గిన్నెకి ఆ చివరి పూత మిగిలిపోయింది. ఆంటీ దాన్నీ, ఆయన దాచుకున్న కాసిని చెట్టు పాలనీ దోహా దాకా తెచ్చుకుంది. పాడుచేస్తానేమోనని ఎన్నాళ్ళో ముట్టుకోలేదు. ఆ వేసవిలో ఎలాగో ధైర్యం చేసి పూసింది.

ఆ పూతకి ఒక వింత గుణం ఉంది. గాలిలో చెమ్మ ఉంటేనే అది గట్టిపడుతుంది. అవి పొడిగాలి రోజులు, పైగా వాళ్ళింట్లో ఎప్పుడూ ఏసీ. అందుకని గిన్నెని చెక్కపెట్టెలో, చుట్టూ తడి తువ్వాళ్ళు పరిచి మూసిపెట్టింది. మర్నాడు భర్తతో దుఖాన్ అనే ఊరికి వెళ్ళాల్సి వచ్చి, తువ్వాళ్ళు ఆరిపోకుండా తడుపుతూ ఉండమని తాళంచెవి నానమ్మ చేతికిచ్చింది. ఆవిడ ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో చెబితే తెలుగులో చెప్పింది నేనే. నేను సరిగ్గానే చెప్పాను, నానమ్మా సరిగ్గానే విన్నది. నమ్మలేదు, అంతే.

“తడిగుడ్డల్లో పెడితే ఆరుతుందటే ఎక్కడైనా? బూజు పడుతుంది. పాపం, చెప్పే పెద్దదిక్కు లేక అలా చేస్తోంది,” అంది. గిన్నె తీసుకెళ్ళి డాబా మీద ఒడియాల పక్కన పెట్టి, కాకులు రాకుండా గొడుగేసుకుని కాపలా కూర్చుంది. మధ్యాహ్నానికి దుమ్ముగాలి లేచింది. నానమ్మ ఒడియాలు వదిలేసి గిన్నెని ఒళ్ళో దాచుకుని కిందికి పరుగెత్తుకొచ్చింది. కానీ పూత ఇంకా పచ్చిగానే ఉంది, నిండా ఇసుక. కంగారులో కొంగుతో తుడిచేసరికి ఇసుక పోలేదు సరికదా, పూతంతా చీర నేత గుర్తులు పడ్డాయి. సాయంత్రానికి నానమ్మ వేళ్ళు జీడి అంటినట్టు పొక్కిపోయాయి.

ఆంటీ తిరిగొచ్చి గిన్నె చూసింది. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుని, కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. నానమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి డాబా ఎక్కలేదు, గరిటె పట్టలేదు. “నన్ను ఊరికి పంపించెయ్యరా. నా చేతికి ఇక్కడేదీ అచ్చిరావట్లేదు,” అని నాన్నగారి వెంటపడింది. నాన్నగారు సరేనని టిక్కెట్ సంగతి కనుక్కోవడం మొదలుపెట్టారు. నానమ్మ వెళ్ళిపోతుందని నాకు ఏడుపొచ్చేది.

అలా వారం గడిచాక జపాన్ ఆంటీ పెట్టె పట్టుకుని తిన్నగా మా వంటింట్లోకి వచ్చింది. పాడైన పూతని బొగ్గుతో అరగదీసి, డబ్బా అడుగున మిగిలిన చెట్టు పాలతో మళ్ళీ పూసిందట. ఇంక చుక్క కూడా లేదు. ఏసీ లేని మా వంటింట్లో అమ్మ పెట్టిన ఇడ్లీపాత్ర పొగలు కక్కుతోంది. ఆ ఆవిరిలో అరచెయ్యి పెట్టి చూసి తృప్తిగా తలాడించి, పెట్టెని నానమ్మ ముందు పెట్టింది. నానమ్మ చేతులు వెనక్కి దాచుకుని, వద్దని చెప్పవే అంది నాతో. అప్పుడు ఆంటీ చెప్పిన మాట నేను తెలుగు చేసి చెప్పాను. “గిన్నె ఎవరు పాడుచేస్తే, బాగుచేశాక మళ్ళీ వాళ్ళకే అప్పగించేవారట వాళ్ళ నాన్న. చిన్నప్పుడు ఆవిడకీ అలాగే ఇచ్చారట.”

అంతే, పెట్టె వదిలేసి వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చి తొంగి చూడలేదు. నానమ్మ సంగతి ఇంక చెప్పాలా! పోపు పొగ దానికి తగులుతుందేమోనని మా ఇంట్లో పోపు బందు. రెండు పూటలా ఇడ్లీ, ఉడకేసిన పప్పు. ఇంకెన్నాళ్ళమ్మా అని నాన్నగారు అడిగితే, “అది గట్టిపడేదాకా. మాట్లాడకుండా తిను,” అంది. తువ్వాళ్ళు తనే తడిపేది, నన్ను కూడా ముట్టుకోనిచ్చేది కాదు.

పెట్టె తెరిచిన రోజు గిన్నె నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఒక్క నలుసు లేదు. నానమ్మ దాన్ని తీసుకెళ్ళి ఇస్తే, ఆంటీ రెండు చేతులా అందుకుని నడుం దాకా వంగి దణ్ణం పెట్టింది. నానమ్మ గట్టిగా ఏడ్చేసింది. టిక్కెట్ మాట మళ్ళీ మా ఇంట్లో వినబడలేదు.

ఆ జపాన్ పెద్దాయన్ని నేను చూడలేదు, ఆయన పని నాకు రాదు. ఆయన అలవాటొక్కటి మాత్రం నానమ్మ వంటింట్లో నాకు అబ్బింది. అబ్బిందంటే ఊరికే రాలేదు, ప్రతిసారీ మనసుని కూర్చోబెట్టి చెప్పుకోవాల్సిందే. మొన్న నా మనవరాలు, నేను ఊరి నుంచి మోసుకొచ్చిన కొత్తావకాయ జాడీలో తడి గరిటె పెట్టేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది, మండదూ మరి! పైపైన తీసేసి, కాచి చల్లార్చిన నువ్వులనూనె పోసి, జాడీ దాని ముందే పెట్టి, రేపటి నుంచి కలిపి మూతపెట్టే పని నీదే అన్నాను.

“నేనా నానమ్మా?” అంది బిక్కమొహంతో.

నువ్వే అని చెప్పి హాల్లోకి వచ్చేశాను. పొద్దుట వంటింట్లో జాడీ మూత చప్పుడైంది. లేచి వెళ్ళి చూద్దామని ప్రాణం కొట్టుకుంది. వెళ్ళలేదు.