ఏ కంప్రెసర్ అని ఎవరూ అడగలేదు

పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులు వేడెక్కేటప్పుడు వాటి మీది దుమ్ము కాలి ఒక వాసన వస్తుంది. పెనం మీద మిరప గింజ మాడినట్టు ముక్కుకి ఘాటుగా తగులుతుంది. మొన్న మంగళగిరిలోని నా స్టూడియోలో మైకుల్లోంచి వచ్చే చప్పుళ్లని అదుపులో పెట్టే అలాంటి వాల్వుల పెట్టెను చాలా నెలల తర్వాత ఆన్ చేశాను. డ్రమ్స్ వాయించడానికి వచ్చినావిడ తుమ్మి, నవ్వి, "ఇంత పాత కంప్రెసర్ ఎక్కడ దొరికిందండీ మీకు?" అని అడిగింది. "మద్రాసుదండి" అన్నాను. అబద్ధం కాదు, అక్కడ మూతపడిన ఒక స్టూడియోలోదే అది. కానీ నిజం చెప్పి తప్పించుకోవడంలో నేనెంత ఘటికుణ్ణో తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఆయన పేరు ఏసుపాదం గారు. ఇప్పుడు లేరు.

తొంభైల చివర్లో గుంటూరులో, మిర్చి కోల్డ్ స్టోరేజీ గోడకు ఆనుకుని ఒక చిన్న స్టూడియో ఉండేది. భక్తి పాటలు, జానపదాలు క్యాసెట్లుగా చేసేవాళ్లం. ఏసుపాదం గారు అక్కడ పెద్ద రికార్డిస్టు, నేను బేస్ గిటార్ వాయిస్తూ ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నవాణ్ణి. ఆయన్ని మాస్టారనేవాణ్ణి. మద్రాసు స్టూడియోవాళ్లు పారేయబోతుంటే అడిగి తెచ్చుకున్న ఆ పెట్టెను ఆయన ఏనాడూ కంప్రెసర్ అనలేదు, "పెద్దాయన" అనేవారు. అరగంట వేడెక్కందే పని చెప్పేవారు కాదు. "పెద్దాయన ఇంకా లేవలేదయ్యా, కాసేపాగు" అని టీకి తీసుకెళ్లేవారు. మా దగ్గర కంప్రెసర్ అంటే గోడ అవతలిదే, మిరపకాయ బస్తాల్ని చల్లగా ఉంచే మిషను. అది తిరిగితే మా నేల సన్నగా వణికేది. ఆ హోరు డ్రమ్స్ మైకుల్లోకి ఎక్కేది. అందుకని టేక్‌కి ముందు మాలో ఒకరు వెళ్లి అక్కడి ఆపరేటర్‌ని బతిమాలి, పాట అయ్యేదాకా దాన్ని ఆపించి రావాలి.

మొదట్లో ఒకసారి నేనే డ్రమ్స్‌కి ఆ పెట్టె పెట్టాను. మీటరు ముల్లు బాగా ఊగితే బాగా పనిచేస్తున్నట్టే అనుకుని మీటలన్నీ చివరిదాకా తిప్పేశాను. మాస్టారు విని మొహం చిట్లించారు.

"ఏందయ్యా ఇది, పరుపు మీద కొట్టినట్టుంది! దెబ్బని చంపేశావు గదా!"

"కంట్రోల్ చేద్దామని, మాస్టారూ..."

"ముందు దెబ్బని పోనియ్యి. దాని వెనకాల వచ్చేదాన్ని పట్టుకో. పట్టుకున్నాక మళ్లీ వదిలెయ్యాలి, తర్వాతి దెబ్బకి చోటుండాలి గదా."

ఒక్క మీట చిటికెన వేలంత వెనక్కి తిప్పారు. అంతే, డ్రమ్ము గదిలో లేచి కూర్చుంది. నా బేస్ దాని భుజం మీద చెయ్యి వేసినట్టు కలిసింది. అబ్బ, ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మర్చిపోలేను.

తొంభై తొమ్మిది వేసవిలో ఒంగోలు నుంచి ఒక పెద్దమనిషి మాకు పెద్ద పని తెచ్చాడు. చెన్నై నుంచి డ్రమ్మర్‌ని ఒక్కరోజు కోసం పిలిపించాడు. ఈ పని బాగా వస్తే నన్ను కూడా రికార్డిస్టుని చేస్తానని స్టూడియో ఓనరు మాటిచ్చాడు. మాస్టారి చెవులు అప్పటికే సన్నని హోరుని పట్టలేకపోతున్నాయి. ఆ సంగతి నాకొక్కడికే చెప్పారు. అందుకే, "శ్రీనూ, నువ్వెళ్లి కంప్రెసర్ ఆపించిరా" అన్నారు. ఎండ మండిపోతోంది. గోడ అవతల చప్పుడేమీ లేదు. ఆగే ఉంది కదా, మళ్లీ వెళ్లడమెందుకని గుమ్మం దాకా వెళ్లి వచ్చేశాను.

"ఆపించానండి" అన్నాను.

సాయంత్రం డ్రమ్మర్ రైలెక్కాక పాటలు విన్నాం. దెబ్బకీ దెబ్బకీ మధ్య గుర్రుమని హోరు! మేం వాయిస్తుండగా ఎప్పుడో కోల్డ్ స్టోరేజీ మిషను మొదలైంది. నా బేస్ మోతలో నాకూ తెలియలేదు. పెద్ద చప్పుడుని అణిచి చిన్న చప్పుడుని పైకి తేవడం పెద్దాయన పని కాబట్టి, ఆ హోరుని భద్రంగా పైకి తెచ్చిపెట్టాడు. ఒంగోలు ఆయన లేచి నిలబడ్డాడు.

"ఏంటండీ ఈ గోల? ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"కంప్రెసర్ చప్పుడండి" అన్నాను.

నిజమే కదా! ఒక్క అక్షరం కూడా అబద్ధం లేదు. కానీ అందరూ గోడవైపు చూడలేదు, ఆ పాత పెట్టెవైపు చూశారు. తర్వాత మాస్టారి వైపు చూశారు. ఏ కంప్రెసర్ అని ఒక్కరైనా అడిగితే దొరికిపోయేవాణ్ణి. మాస్టారు మెల్లగా లేచి వెళ్లి గోడకి అరచెయ్యి ఆనించారు. అవతల మిషను తిరుగుతోంది. అలాగే నా వైపు తిరిగి ఒక్క క్షణం చూశారు. నేను తల దించుకుని వైర్లు చుట్టడం మొదలుపెట్టాను.

"ఆ డొక్కు పెట్టె వద్దు, ఆయనా వద్దు. కంప్యూటర్ పెట్టుకుందాం" అన్నాడు ఓనరు. వారం తిరక్కుండానే మాస్టారి కుర్చీలో నేను కూర్చున్నాను. థూ, నా బతుకు! వెళ్లే రోజు ఆయన పెట్టెని నా ముందు పెట్టారు.

"మా ఊళ్లో కరెంటే సరిగ్గా ఉండదు. నువ్వుంచుకో. చల్లగా ఉన్నప్పుడు మాత్రం పని చెప్పబాకు."

వద్దనకుండా తీసుకున్నాను.

నాలుగేళ్ల తర్వాత నిజం చెప్పేద్దామని మాస్టారి ఊరు వాడరేవు వెళ్లాను. చర్చి పిల్లలకి పాటలు నేర్పుతున్నారు. చేపల పులుసుతో అన్నం పెట్టించారు. చెయ్యి కడుక్కుంటూ ధైర్యం కూడగట్టుకుని, "మాస్టారూ, ఆ రోజు కంప్రెసర్..." అన్నాను.

"ఏ కంప్రెసర్, అబ్బాయ్?"

నవ్వుతూనే అడిగారు. నాలుగేళ్లుగా నేను భయపడ్డ ప్రశ్న అదే. ఆయన నా కోసం తలుపు తీసి పట్టుకున్నారని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం నీళ్లు నమిలాను. "అదేనండి, మీరిచ్చింది. బాగా పనిచేస్తోంది" అన్నాను. ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, "సంతోషం నాయనా" అని తువ్వాలు అందించారు. ఆయన ముందు ఆ పెట్టెని కంప్రెసర్ అన్నది ఆ ఒక్కసారే.

మొన్న ఆవిడతో "మద్రాసుదండి" అన్నది, నిజం చెప్పి తప్పించుకోవడంలో మూడోసారి. ఆవిడ వెళ్లాక వాల్వులు చల్లారేదాకా దాని ముందే కూర్చున్నాను. తర్వాత ఒక చీటీ మీద 'ఏసుపాదం గారిది' అని రాసి పెట్టెకి అంటించాను. చిన్న చీటీ, మిగతాది రాయడానికి చోటు లేదు. అందుకని ఇక్కడ రాశాను.