మూడో ఇల్లు చూడకుండానే వెళ్లిపోయారు

కూర్మనాథం గారు ఇక లేరన్న వార్త విని నేను నమ్మలేదు. ముందురోజు సాయంత్రం కూడా పెరటిగోడ మీదుగా నాతో వాదం పెట్టుకున్న మనిషి. ఒంట్లో నలతగా ఉందని పడుకున్నారు, తెల్లవారేసరికి గుండె ఆగిపోయింది. విజయనగరంలో ఆయన దగ్గర జంతుశాస్త్రం చదువుకున్న శిష్యకోటి, పొరుగున ఉండి ఆయన నత్తల వాసన భరించిన నాబోటి తెలుగు పంతులు, అందరం ఒక్కసారిగా దిక్కులేనివాళ్లమయ్యాం. ఆ పుణ్యమూర్తి గురించి రాయడానికి కూర్చుంటే కలం కదలడం లేదు.

సెలవు దొరికితే చాలు, ఆయన నౌపడ రైలెక్కేవారు. ఉప్పుమళ్ల అవతల సముద్రపు పాయలో మోకాలిలోతు బురదలో దిగి నత్తలు ఏరుకుని, ఆ నీళ్లతో సహా డబ్బాలో తెచ్చుకునేవారు. ఒక్కో నత్తనీ ఒక్కో గాజుగ్లాసులో వేసి ఎండలో పెట్టేవారు. కాసేపటికి కొన్ని నత్తల్లోంచి సన్నని పొగలాంటిది నీళ్లలోకి వచ్చేది. మైక్రోస్కోపులో చూస్తే తోకలాడించే పిల్లపురుగులు! నాకు బలవంతాన చూపించిన రోజు నేను అన్నం ముట్టలేదు. ఆయన మాత్రం మనవడిని చూపిస్తున్నంత సంబరంగా, "ఎంత ముచ్చటగా ఈదుతున్నాయో చూడండి పంతులుగారూ" అన్నారు.

"పాడు పరాన్నజీవులు" అని నేను ఈసడిస్తే ఆయనకు కోపం వచ్చింది. "నేనూ ఆ జాతివాణ్ణేనండీ. శ్రీకూర్మం నుంచి వచ్చి ఈ ఊళ్లో ఏడిళ్లలో వారాలు చేసుకుని చదువుకున్నాను. తిన్న ఇల్లు చల్లగా ఉండాలని రోజూ దండం పెట్టుకున్నాను. ఈ పురుగూ అంతే. నత్త ప్రాణం తీసేస్తే తనకు చోటేదీ?" అన్నారు. మరి నత్తకు పిల్లలు పుట్టకుండా చేస్తుందని మీరే చెప్పారు కదా అని నేను వదల్లేదు. "అది మాత్రం అన్యాయమే" అని ఒప్పుకున్నారు.

ఆ పురుగుకు మూడిళ్లు. నత్తలో పెరిగి నీళ్లలోకి వస్తుంది, చేపలో దూరి ముడుచుకుంటుంది, ఆ చేపను తిన్న పక్షి కడుపులో పెద్దదవుతుంది. మొదటి రెండిళ్లూ ఆయన చూశారు. మూడో ఇల్లు చూడటమే ఆయన జీవితధ్యేయం. అది తేలితేనే పరిశోధనగ్రంథం పూర్తవుతుంది, డాక్టరేటు వస్తుంది. ఆయన అనుమానమంతా నౌపడ దాపున ఒక ఊరికి ఏటా వచ్చి గూళ్లు కట్టే కొంగల మీద.

ఒక్క కొంగను ఇప్పించమని ఆ ఊరివాళ్లను అడిగారు. నీలమ్మ అనే ముసలామె చేతిలో చీపురుతోనే ఎదురొచ్చిందట. "అవి మా ఊరికి పురిటికొచ్చిన ఆడపిల్లలు బాబూ. దాని కడుపు కోస్తానంటన్నావేటి? నీకు అప్పసెల్లెళ్లు నేరా?" అందట. ఆయన సిగ్గుపడిపోయి, తనంతట తాను చచ్చినది ఎప్పుడైనా దొరికితే తెచ్చిపెట్టమని ఆమెకు ఇంటి గుర్తులు చెప్పి వచ్చేశారు. రాలిపడ్డవాటిని మనుషులకంటే ముందే కుక్కలూ నక్కలూ పట్టుకుపోతున్నాయి. ఎంతకీ కబురు రాలేదు.

"వేరే ఊళ్లో తుపాకీ ఉన్నవాడెవడూ దొరకడా?" అని నేనే అడిగాను. "ఆ ఊరి చెట్టు మీద ఉంటే ఆడపడుచు, పొలిమేర దాటితే ఉత్త కొంగానా? అదెలా కుదురుతుందండీ" అన్నారు. ఆయన వెనక చేరినవాళ్లు డాక్టర్లైపోయారు. ఆయన నత్తల మాస్టారుగానే ఉండిపోయారు. అప్పట్లో ఆ మొండితనానికి నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు తలుచుకుంటే దుఃఖం ఆగడం లేదు.

దినాలు ఇంకా పూర్తికాలేదు. నేను వాళ్ల అరుగు మీద కూర్చుని ఉండగా రైలు దిగి అడుగుతూ అడుగుతూ ఒక ముసలామె గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. నీలమ్మ. గంపలో పసుపు రాసిన గుడ్డ కప్పిన కొంగ.

"గాలికి గూట్లోంచి పడిపోనాది బాబూ. కుక్కలు ముట్టకముందే సూసినాను. మేమేటీ సెయ్యలేదు. బాబుగోర్ని పిలవండి."

చెప్పాను. ఆమె గంప దించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. కాసేపటికి తలెత్తి, "అయితే దీన్నింకెవలు సూస్తారు బాబూ?" అని అడిగింది.

ఇంకెవరూ లేరమ్మా అన్నాను. కాలేజీలో పక్షిని కోయగలవాళ్లున్నారు. కానీ ఆ పురుగును నత్తలో పసికందుగా ఉన్నప్పటి నుంచీ ఎరిగి, ఎదిగాక కూడా ఇదేనని పోల్చగల కళ్లు ఈ లోకంలో రెండే ఉండేవి. అవి చితిలో కాలిపోయాయి. నీలమ్మ గంప మళ్లీ నెత్తికెత్తుకుంది. తమ ఊరి చెట్టు కిందే పూడ్చుకుంటానని వెళ్లిపోయింది.

కూర్మనాథం గారూ, మీరెదురుచూసిన ఆడపడుచు మీ గుమ్మంలోకి వచ్చిందండీ. మీరు లేరని చెప్పి పంపించేశాను. గోడకు ఇవతల నిలబడి మీకు నమస్కరిస్తున్నాను.